కోజరాత్స్‌ని జనవరిలో లెక్కపెట్టాలి

జులై ఆఖర్లో బోస్నియాలోని కోజరాత్స్ వెళ్తే నడివీధిలో కారు ఆపడానికి చోటు దొరకదు. నంబరు పలకలన్నీ ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, జర్మనీ, స్వీడన్‌వే. కాఫీ దుకాణాల్లో కుర్చీ ఖాళీ ఉండదు. ఏడాది పెళ్లిళ్లలో చాలా భాగం ఆ వేసవి ఆరు వారాల్లోనే పడతాయి. అక్కడి బోస్నియాకులు, అంటే బోస్నియా ముస్లింలు, తమ ఊరిని ‘ప్రపంచంలోకెల్లా అతి పెద్ద చిన్న పట్నం’ అని ముద్దుగా పిలుచుకుంటారు. బయటినుంచి వచ్చిన విలేకరి ఆ సందడి చూసి, 1992లో బోస్నియా యుద్ధంలో సెర్బ్ బలగాల చేతిలో నేలమట్టమైన ఊరు మళ్లీ లేచి నిలబడిందని, తిరిగి రావడమంటే ఇదేనని రాసుకుని వెళ్తాడు.

అదే వీధిని జనవరి మధ్యలో, సాయంత్రం ఐదు గంటలకు చూడాలి. అప్పటికి చీకటి పడి ఉంటుంది. ఇళ్లు అవే, రెండంతస్తులు, మూడంతస్తులు, కొత్త రంగులు. తల ఎత్తి పొగగొట్టాలు చూడండి. ఏ ఇంటిమీద పొగ లేస్తోందో ఆ ఇంట్లో మనిషి ఉన్నట్టు. మన పల్లెల్లో ఇంట్లో వంట లేదని చెప్పడానికి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటాం. కోజరాత్స్‌లో అది సామెతగా కాదు, కొలతగా వాడుకోవచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ ఊరి తిరిగిరాకను వేసవిలో కొలిచి గెలిచామనుకోవడం తప్పు. చలికాలం చూసి ఇదంతా ఉత్తుత్తి ఊరని కొట్టిపారేయడం ఇంకా పెద్ద తప్పు. ఈ ఊరు ఎలా తిరిగి వచ్చిందో అంచెలంచెలుగా తెలిస్తే, ఇప్పుడు ఎక్కడ జారిపోతోందో కూడా తెలుస్తుంది.

ముందు చోటు గురించి. బోస్నియా వాయవ్యంలో, కోజరా కొండల దక్షిణపు వాలు కింద, ప్రియెదోర్ నుంచి బన్యా లూకా వెళ్లే దారి పక్కన ఉంటుంది కోజరాత్స్. పాలన ప్రియెదోర్ మునిసిపాలిటీది. చుట్టూ కోజరుషా, కామిచాని, కెవ్ల్యాని, యాకుపొవిచి, దక్షిణాన రైలు పట్టాల దగ్గర ట్రనోపోల్యే. ఊరు ఎక్కడ అయిపోయి పల్లె ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం, దారి పొడుగునా ఇళ్లూ ప్లమ్ పండ్ల తోటలూ కలిసిపోయి ఉంటాయి. యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన హేగ్ న్యాయస్థానం తీర్పులో ఉన్న లెక్క ప్రకారం యుద్ధానికి ముందు పట్నంలో సుమారు 4,000 మంది, పల్లెలతో కలిపి సుమారు 27,000 మంది. పట్నంలో పదిమందికి తొమ్మిదిమంది ముస్లింలు. వీళ్లు తరతరాలుగా అక్కడి స్లావ్ జనమే, పొరుగు సెర్బులు మాట్లాడే మాటే మాట్లాడతారు. ఒట్టోమన్ల కాలంలో ఇస్లాం తీసుకున్నారు. వాళ్ల మాటల్లో జెనాజా (అంత్యక్రియల నమాజు), తాబూత్ (శవపేటిక), మహలా (పేట) వినిపిస్తే హైదరాబాదు వాళ్లకి అర్థం అడగనక్కర్లేదు. తుర్కీ దారిన అటూ, ఫారసీ ఉర్దూ దారిన ఇటూ చేరిన ఒకే మాటలవి.

1991 జనాభా లెక్కల్లో ప్రియెదోర్ మునిసిపాలిటీ మొత్తం 1,12,543. అందులో ముస్లింలు 49,351, సెర్బులు 47,581. 1992 ఏప్రిల్ 30 తెల్లవారేసరికి సెర్బ్ డెమొక్రాటిక్ పార్టీ మనుషులు ప్రియెదోర్ పట్నాన్ని చేతిలోకి తీసుకున్నారు. తుపాకీ పేలలేదు. మే 24 మధ్యాహ్నం కోజరాత్స్ మీద ఫిరంగులు మొదలయ్యాయి. మూడు రోజుల్లో ఊరు ఖాళీ అయింది. కోజరాత్స్ పట్నంలో సుమారు 800 మందిని చంపారని తీర్పు చెబుతోంది. ఇళ్లు యుద్ధంలో కూలినవి కావు, తర్వాత వరసగా కాల్చినవి. సెర్బుల ఇళ్లకు ముందే గుర్తులు పెట్టి వదిలేశారు. బతికినవాళ్లను మూడు నిర్బంధ శిబిరాలకు తోలారు: ఒమర్స్కా ఇనుప గని, ప్రియెదోర్ అంచున ఉన్న కెరాటెర్మ్ పింగాణీ కర్మాగారం, ట్రనోపోల్యే బడి. ఆగస్టు 5న బ్రిటిష్ విలేకరులు లోపలికి వెళ్లగలిగారు. ముళ్లతీగ వెనక ఎముకల గూడులా నిలబడ్డ మనిషి బొమ్మ ప్రపంచమంతా చూసింది ట్రనోపోల్యేలోనిదే. ఆ ఏడాది మునిసిపాలిటీ మొత్తంలో చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు 3,176 మంది అని లెక్క. వాళ్లలో 102 మంది పిల్లలు.

హేగ్ న్యాయస్థానంలో మొదట విచారణ జరిగింది కూడా ఈ ఊరివాడిమీదే. దుష్కో తాదిచ్, కోజరాత్స్‌లో కాఫీ దుకాణం నడిపినవాడు, కరాటే నేర్పినవాడు. 1994లో మ్యూనిక్‌లో దొరికాడు, 1997లో తీర్పు వచ్చింది, చివరికి ఖాయమైన శిక్ష 20 ఏళ్లు. బాధితులకీ అతనికీ మధ్య ముఖపరిచయం ఉంది. తిరిగి రావడం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు. తిరిగి వచ్చేది దేశంలోకి కాదు, తనను అప్పగించినవాడు రొట్టె కొనుక్కునే వీధిలోకి.

1995 అక్టోబరులో బోస్నియా సైన్యం సాన్‌స్కి మోస్ట్ పట్నాన్ని తిరిగి పట్టుకుంది. అక్కడినుంచి ప్రియెదోర్ ముప్ఫై కిలోమీటర్లు. యుద్ధం అక్కడే ఆగింది, యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందం దేశాన్ని రెండు పాలనలుగా విడదీసే గీత అక్కడే గీసింది. ప్రియెదోర్ సెర్బుల రిపబ్లికా స్ర్ప్‌స్కాలో పడింది, సాన్‌స్కి మోస్ట్ బోస్నియాకులు, క్రొయాట్ల ఫెడరేషన్‌లో. జర్మనీ నుంచి, క్రొయేషియా నుంచి వచ్చిన ప్రియెదోర్ నిరాశ్రయులు సాన్‌స్కి మోస్ట్‌లో గుమికూడారు. ఇంటికి కూతవేటు దూరంలో ఇల్లు లేకుండా ఉన్నారు. కోజరాత్స్ నిలబడటానికి మొదటి కారణం నా లెక్కలో ఇదే. వెయ్యి కిలోమీటర్ల దూరంనుంచి ఊరు చూడాలంటే సెలవు కావాలి. ముప్ఫై కిలోమీటర్లైతే పొద్దున బయల్దేరి, శిథిలాల్లో పొదలు నరికి, సాయంత్రానికి వెనక్కి రావచ్చు. మళ్లీ రేపు వెళ్లవచ్చు.

రెండో కారణం 1997 జులై 10. ఆ రోజు బ్రిటిష్ సైనికులు ప్రియెదోర్‌లో ఇద్దరిని పట్టుకోవడానికి వెళ్లారు. ఆసుపత్రి అధిపతిగా ఉన్న మిలాన్ కొవాచెవిచ్ దొరికాడు. 1992లో పోలీసు అధిపతిగా ఉన్న సిమో ద్ర్ల్యాచా కాల్పులకు దిగి చనిపోయాడు. ఊరి పెత్తనం చేసినవాళ్లని ఎవరూ ముట్టుకోరన్న నమ్మకం ఒక్క పూటలో విరిగింది. 1998లో మొదటి కుటుంబాలు వచ్చి పడుకోవడం మొదలుపెట్టాయి. ఒంటరిగా ఎవరూ రాలేదు, వీధి వీధిగా వచ్చారు. ఇది చాలామంది పట్టించుకోని కీలకం. ఒక ఇంటివాళ్లు ఒక్కరే వస్తే రాత్రి కిటికీ మీద పడ్డ రాయి బెదిరింపు. పదిళ్లవాళ్లు ఉంటే అదే రాయి పోలీసు ఫిర్యాదు.

ఆస్తి చట్టాల సంగతి కోజరాత్స్‌లో వింతగా పనిచేసింది. బోస్నియా అంతటా గొడవ ఇళ్లలో దూరినవాళ్లను ఖాళీ చేయించడం గురించే. 1998 డిసెంబరులో రిపబ్లికా స్ర్ప్‌స్కా తన ‘వదిలేసిన ఆస్తుల’ చట్టాన్ని రద్దు చేయాల్సి వచ్చింది, 1999 అక్టోబరులో డేటన్ ఒప్పందం అమలు చూసే అంతర్జాతీయ ఉన్నత ప్రతినిధి సవరణలు రుద్దాడు, ఆ తర్వాతే రెండు లక్షల పైచిలుకు దరఖాస్తులు కదిలాయి. కోజరాత్స్ ఇళ్లలో దూరడానికి ఇళ్లే లేవు. నిలువునా కాల్చినవాళ్లు, తెలియకుండానే, సుదీర్ఘమైన ఖాళీ చేయింపు కేసుల్ని కూడా కాల్చేశారు. స్థలం మీద తగాదా లేదు, కట్టుకోవడమే మిగిలింది.

ఆ కట్టుకోవడం ఎలాంటిదో కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఇక్కడి ఇళ్లు బోలు ఇటుకలతో కట్టినవి, ఏటవాలు కప్పుమీద బంకమట్టి పెంకులు. నిప్పు పెడితే వాసాలు, దూలాలు కాలి కప్పు లోపలికి కూలుతుంది, గోడలు నిలుస్తాయి. చూసేవాళ్లకి గోడలున్నాయిగా, కప్పు వేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. ఇక్కడే మొదటి దెబ్బ. ఆరు చలికాలాలు కప్పు లేని గోడ మీద వాన కురిసి, నీళ్లు ఇటుక బోలులోకి దిగి, గడ్డకట్టి ఉబ్బుతాయి. పై వరసలు లోపల్నుంచి పగుళ్లు ఇస్తాయి. పగులు పైకి కనపడదు, సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. అనుభవం ఉన్న మేస్త్రీ పై మూడు నాలుగు వరసలు ఊడదీసి, గోడల చుట్టూ ఇనుము పెట్టి కాంక్రీటు బెల్టు పోస్తాడు. ఆ బెల్టు ఆరిన తర్వాతే దాని మీద దూలం, వాసాలు, పట్టీలు, పెంకులు. తొందరపడి పాత ఇటుకమీదే దూలం పెట్టినచోట రెండో చలికాలానికి మంచు బరువుకి కప్పు ఒక పక్కకి ఒరుగుతుంది, గుమ్మం పైన మెట్లు మెట్లుగా పగులు వస్తుంది. మంట వేడికి సున్నం, సిమెంటు పొడిపొడి అయిన కిటికీ లింటెళ్లు ఇంకో సంగతి. అవి మార్చక తప్పదు.

దాత సంస్థలు సామాను ఇచ్చేవి: పెంకులు, కలప, సిమెంటు, కొన్ని కిటికీలు. కూలి ఇంటివాళ్లదే. అందుకే ఇంట్లో మగవాళ్లు చనిపోయిన కుటుంబాలు సామాను పొందీ కప్పు ఎక్కించలేకపోయాయి. ఏ ఊరిలో మగవాళ్లను ఎక్కువ చంపారో ఆ ఊరికి ‘మీ శ్రమ, మా సామాను’ అన్న పద్ధతి ఎంత అన్యాయమో ఎవరికైనా అర్థం కావాలి. విదేశంలో ఉన్న అన్నదమ్ములు సెలవు పెట్టి వచ్చి వాసాలు ఎత్తారు కాబట్టి నడిచింది. బావుల పని ఇంకా కష్టం. ఇది బావుల్లో శవాలు దొరికిన ప్రాంతం. నీళ్లు పూర్తిగా తోడి, అడుగు బురద జల్లెడ పట్టి, గోడలు రుద్ది, క్లోరిన్ వేసి, మళ్లీ తోడి, పరీక్షకి పంపాకగాని తాగరు. మట్టి జల్లెడ పట్టేది నీళ్ల శుభ్రత కోసం మాత్రమే కాదు.

తిరిగి రావడానికి అసలు లాగినవి ఇళ్లు కాదు, ఎముకలు అని నాకు గట్టిగా అనిపిస్తుంది. చనిపోయినవాడు దొరకనంతవరకూ అతని తల్లి వియన్నాలో ఉన్నా ప్రియెదోర్‌లోనే ఉంటుంది. చుట్టూ గనుల తవ్వకం జరిగే నేల. శవాలు దాచడానికి యంత్రాలు, గోతులు, లోతు అన్నీ ముందే సిద్ధంగా ఉన్న చోటు. 2001లో యాకరినా కోసా గనిలో 373 మంది అవశేషాలు దొరికాయి. 2004లో కెవ్ల్యానిలో 456 మందివి. 2013 సెప్టెంబరులో తోమాషిత్సాలో తవ్వకం మొదలైతే 435 మంది బయటపడ్డారు. తోమాషిత్సాలో శవాల పొర కొన్నిచోట్ల పది మీటర్ల దాకా లోతు. బిగువైన బంకమట్టిలో గాలి చొరక, ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత కూడా శరీరాలు, బట్టలు నిలిచి ఉన్నాయి. అక్కడి శవాల్లో కొన్నిటిని అంతకుముందే యంత్రాలతో ఎత్తి యాకరినా కోసాకి తరలించారు. అందుకే ఒకే మనిషి రెండు గోతుల్లో దొరికాడు.

గుర్తుపట్టడం ఇలా సాగుతుంది. మొదటి ఏళ్లలో చొక్కా, స్వెటరు అల్లిక, జేబులో కాగితం చూసి తేల్చేవాళ్లు. తప్పులు జరిగాయి. ఒకరి కొడుకుని ఇంకొకరు పాతిపెట్టుకున్నారు. 2001 నవంబరులో తప్పిపోయినవాళ్ల అంతర్జాతీయ సంఘం డీఎన్‌ఏ పద్ధతితో మొదటి మనిషిని గుర్తించింది. బంధువుల వేలు గుచ్చి నాలుగు చుక్కల రక్తం అట్టముక్క మీద ఆరబెడతారు. తొడ ఎముక లేదా పన్ను ముక్క కోసి, పైపొర గీకి, కడిగి, పొడి చేసి దాని డీఎన్‌ఏ తీస్తారు. రెండూ పోల్చి 99.95 శాతం దాటితేనే ఇద్దరికీ బంధం ఉందని ఒప్పుకుంటారు. తల్లిదండ్రులు, పిల్లలు ఇచ్చే రక్తం బలమైనది. ఒక్క తోబుట్టువు ఉంటే చాలదు, భార్య రక్తం భర్తకి పనికిరాదు, పిల్లల రక్తంతో కలిపితేనే ఉపయోగం. తండ్రి, ముగ్గురు కొడుకులు ఒకేసారి పోయిన ఇళ్లలో పరీక్ష ‘వీళ్లు ఈ తల్లి పిల్లలు’ అంటుంది గాని, ఏ ఎముక ఏ కొడుకుదో చెప్పదు. అప్పుడు వయసు, ఎత్తు, ఎముక పాతగా విరిగిన గుర్తు చూసి వైద్యుడు తేల్చాలి. మొత్తం కుటుంబం పోయినచోట పోల్చడానికి మనిషే ఉండడు. అలాంటి పేరులేని అవశేషాలు సాన్‌స్కి మోస్ట్ దగ్గర షెయ్‌కొవాచా కేంద్రంలో అరల మీద ఏళ్లుగా ఉన్నాయి.

ఆ తర్వాత ఫోన్ వస్తుంది. మీవాళ్లలో ఇంత భాగం దొరికింది, పాతిపెడతారా, మిగతాది దొరికేదాకా ఆగుతారా అని అడుగుతారు. ఆగమన్నవాళ్లు కొందరు ఆ మిగతాది చూడకుండానే చనిపోతారు. పాతిపెట్టినవాళ్లకి రెండేళ్లకి ఇంకో ఎముక దొరికిందని మళ్లీ ఫోన్ వస్తుంది, సమాధి మళ్లీ తెరవాలి. ఏటా జులై 20న సామూహిక జెనాజా జరుగుతుంది. 2014లో ఆ ఒక్క రోజు కోజరాత్స్‌లో 284 తాబూతులు ఆకుపచ్చ గుడ్డ కప్పి వరసగా పెట్టారు. తాబూతు ఎత్తేవాళ్లు దాని బరువు చూసి లోపల ఎంత ఉందో తెలుసుకుంటారు. కొన్ని ఒక చేత్తో లేచేంత తేలిక. ఇంకా వందలమంది దొరకలేదు.

వేసవి రద్దీకి జులై ఎందుకు అన్నది ఇప్పుడు తెలుస్తుంది. అది సెలవుల నెల మాత్రమే కాదు. అదే నెలలో శ్మశానానికి వెళ్తారు, అదే నెలలో పెళ్లి చేస్తారు. ఆ కార్లు చూసి విదేశీ డబ్బు దర్పం అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఈ క్యాలెండరు చూడాలి. మూడంతస్తుల ఖాళీ ఇల్లు గురించీ అదే మాట. కాల్చినవాళ్ల కళ్లముందు, కాల్చినదానికన్నా పెద్దది కట్టి ‘ఇది మాదే’ అని చెప్పడం అది. పట్టా కాగితం కన్నా బలమైన పట్టా. నేను దాన్ని తప్పుపట్టను.

కానీ పట్టా చలి కాచుకోవడానికి పనికిరాదు. ఆగస్టు చివర్లో విదేశం వెళ్లేవాళ్లు ఇల్లు మూసే పద్ధతి చూడండి. వీధి గుంటలో ఉన్న ప్రధాన నీటి కవాటం కట్టేస్తారు, అన్నిటికన్నా కింద ఉన్న కొళాయి తెరుస్తారు, వేడినీటి ట్యాంకు ఖాళీ చేస్తారు, బట్టలు ఉతికే యంత్రం గొట్టంలో నీళ్లు వంచేస్తారు. గోడలో అడ్డంగా వేసిన పైపుకి వాలు లేకపోతే నీళ్లు అందులో నిలిచిపోతాయి. జనవరిలో పైపు పగులుతుంది. అప్పుడు ఎవరికీ తెలియదు, జూన్‌లో కవాటం తిప్పగానే కింది గది కప్పు ఊడి పడుతుంది. మనిషి ఉన్న ఇంటికి వేరే లెక్క. చలికాలానికి ఎనిమిది నుంచి పది ఘనపు మీటర్ల బీచ్, హార్న్‌బీమ్ కట్టెలు కావాలి. వసంతంలోనే కొని, చీల్చి, చూరు కింద గాలి తగిలేలా పేర్చాలి. అక్టోబరులో కొన్న పచ్చి కట్టె వేడి ఇవ్వదు, నల్లటి జిగురు పొగగొట్టానికి పట్టి ఒకరోజు గొట్టమే అంటుకుంటుంది. డెబ్భై ఏళ్ల విధవరాలు పది మీటర్ల కట్టె చీల్చలేదు. జులైలో నలుగురు మనవలు ఉంటారు. కట్టె చీల్చాల్సింది ఏప్రిల్‌లో.

ఆమె వైద్యం ఇంకో ముడి. ఆరోగ్య బీమా, పింఛను రెండు పాలనల్లో వేరువేరు. ఫెడరేషన్‌లో నమోదై ఉండి పింఛను అక్కడ తీసుకునేవాళ్లకి డాక్టరు కాగితం కోసం గీత దాటి వెళ్లాల్సి వస్తుంది. ప్రియెదోర్‌కి మార్చుకుంటే పాత హక్కులు ఏమవుతాయోనన్న భయం. విదేశంలో పనిచేసి వచ్చి ఇక్కడే ఉండిపోదామనుకునేవాళ్లకి ఇంకో చిక్కు: స్విట్జర్లాండ్ స్థిరనివాస అనుమతి ఉన్నవాళ్లు ముందుగా దరఖాస్తు పెట్టుకోకుండా ఆరు నెలలు దాటి బయట ఉంటే ఆ అనుమతి పోతుంది. ఆస్ట్రియా పౌరసత్వం తీసుకున్నవాళ్లలో చాలామంది బోస్నియా పౌరసత్వం వదులుకోవాల్సి వచ్చింది, కాబట్టి ప్రియెదోర్ ఎన్నికల్లో వాళ్లకి ఓటు లేదు. ఉన్నవాళ్లు కూడా పోస్టు ఓటుకి గడువులోపు నమోదు చేసుకోవాలి. వీధి నిండా ఇళ్లు కట్టినవాళ్లకి ఆ వీధి గురించి నిర్ణయం తీసుకునే సభలో బలం లేదు.

దాని ఫలితం కళ్లముందే ఉంది. ట్రనోపోల్యేలో ఒకప్పటి శిబిరం ముందు నిలబెట్టిన కాంక్రీటు స్మారకం సెర్బ్ సైనికులది. ఆ శిబిరంలో ఉన్నవాళ్ల కోసం అక్కడ అలాంటిదేదీ లేదు. చనిపోయిన 102 మంది పిల్లల పేర్లతో ప్రియెదోర్ నడిబొడ్డున స్మారకం కావాలని తల్లిదండ్రులు ఏళ్లుగా అడుగుతున్నారు. 1992 మే 31న రేడియోలో సెర్బులు కానివాళ్లు ఇళ్లకు తెల్లగుడ్డ కట్టాలని ఆజ్ఞ వచ్చిన రోజు గుర్తుగా, 2012 నుంచి ఏటా ఆ రోజున తెల్ల పట్టీలు కట్టుకుని నడుస్తారు. ఒమర్స్కా గని 2004లో లక్ష్మీ మిత్తల్ సంస్థ చేతికి వెళ్లింది. మనదేశంలో పుట్టిన మనిషి సంస్థ కాబట్టి మనవాళ్లకి ఈ కథ తెలిసి ఉండాల్సింది. 2005 చివర్లో అక్కడి ‘తెల్ల ఇల్లు’ను, అంటే శిబిరంలో బందీలను హింసించి చంపిన కట్టడాన్ని, స్మారకం చేస్తామని ప్రకటించి, ఊళ్లో వ్యతిరేకత రాగానే 2006లో ఆపేశారు. బతికి బయటపడినవాళ్లకి ప్రధానంగా ఆగస్టు 6న లోపలికి వెళ్లే వీలు దొరుకుతుంది. 2012 ఒలింపిక్స్‌కి లండన్‌లో అదే సంస్థ పేరుతో ఎర్రటి ఉక్కు గోపురం లేస్తే, వాళ్లు వెళ్లి దాన్ని ‘ప్రవాసంలో ఉన్న ఒమర్స్కా స్మారకం’ అని ప్రకటించి వచ్చారు.

ఇక జనాభా లెక్క. 2013 అక్టోబరు 1 నుంచి 15 వరకు ఎన్యూమరేటర్లు తిరిగారు. ఫలితాలు 2016 జూన్ 30న గాని బయటికి రాలేదు. ఎవరిని స్థిరనివాసి అనాలన్న తగవే ఆ ఆలస్యం, రిపబ్లికా స్ర్ప్‌స్కా ఆ లెక్కను ఒప్పుకోలేదు. ప్రియెదోర్‌లో మొత్తం 89,397, బోస్నియాకులు 29,034. రిపబ్లికా స్ర్ప్‌స్కా మొత్తంలో బోస్నియాకులు సుమారు 14 శాతమే, ప్రియెదోర్‌లో దాదాపు మూడోవంతు. ఇది చిన్న విషయం కాదు. అయినా ఒక పక్షం ఈ అంకె కాపాడుకోవడానికి, ఇంకో పక్షం తగ్గించడానికి కొట్టుకుంటుంటే, ఆ 29,034 మందిలో ఎందరి పొయ్యి జనవరిలో వెలుగుతుందో అడిగేవాళ్లు లేరు. అడిగితే ఎదుటివాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుందని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఊళ్లో దీపం పెట్టే దిక్కు ఎంతమందో ఊరివాళ్లకే తెలియకపోతే, ఆయుధం కన్నా ముందు ఊరే చేయి జారుతుంది.

బడి సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. పిల్లల మార్కుల కాగితంలో వాళ్ల భాషను ‘బోస్నియన్’ అని రాయకుండా ‘బోస్నియాక్ ప్రజల భాష’ అని రాయడం మీద రిపబ్లికా స్ర్ప్‌స్కాలో ఏళ్ల తరబడి పోరాటం. న్యాయమైన పోరాటమే. అయితే తరగతిలో పిల్లలే తగ్గిపోతే ఆ కాగితం ఎవరికి ఇస్తారు? పిల్లలుండాలంటే ముప్ఫై ఏళ్ల తల్లిదండ్రులుండాలి, వాళ్లుండాలంటే ఏడాదంతా జీతం ఉండాలి. ఆస్ట్రియాలో పని నేర్చుకుని వచ్చినవాళ్లు పెట్టిన వలల కర్మాగారం లాంటివి కోజరాత్స్‌లో ఉన్నాయి. వేసవి కాఫీ దుకాణం నడిచేది పది వారాలు, కర్మాగారం పన్నెండు నెలలు. ప్రవాసులు పంపే డబ్బు ప్రహరీకీ, పాలరాతి మెట్లకీ పోయే బదులు సగం ఇలాంటిదానిలో పడితే ఫిబ్రవరిలో కూడా వీధిలో మనుషులు కనిపిస్తారు. మెట్లు తీసేయమనడం లేదు, ఒక్క ఏడాది ఆపమంటున్నాను.

చేయాల్సిన మొదటి పని చాలా చవకైనది. మునిసిపాలిటీ చేయదు, ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. జనవరి మూడో వారంలో రెండు సాయంత్రాలు, వీధికి ఇద్దరు చొప్పున, కోజరాత్స్ నుంచి కెవ్ల్యాని దాకా తిరగాలి. పొగ ఉన్న ఇల్లు, లేని ఇల్లు రాసుకోవాలి. పొగ ఉన్నచోట తలుపు తట్టి లోపలికి వెళ్లాలి. కాఫీ వద్దనకూడదు, వద్దంటే మాట సాగదు. ఎంతమంది ఉంటున్నారు, అందరికన్నా చిన్నవాళ్ల వయసెంత, కట్టెలు ఎవరు చీల్చారు, ఎన్ని మీటర్లు మిగిలాయి, డాక్టరు కాగితం ఏ ఊరిది, పింఛను ఏ బ్యాంకులో పడుతుంది, మంచు కురిసిన రోజు గేటునుంచి దారిదాకా ఎవరు తోడతారు అని అడగాలి. పక్క ఇళ్ల తాళాలు వీళ్ల దగ్గరే ఉంటాయి కాబట్టి ఎన్ని తాళాలు ఉన్నాయో కూడా రాసుకోవాలి, ఒక్కో తాళం ఒక పొగ లేని ఇల్లు. ఆఖర్న ఒక ప్రశ్న. రాత్రి రెండింటికి ఒంట్లో బాగోకపోతే ఏ ఇంటి తలుపు కొడతారు? ఆ ఇంటి గుర్తు రాసుకుని, తిరిగి వచ్చేటప్పుడు దాని పొగగొట్టం వైపు ఒకసారి చూడాలి.